వేకువజాము యూనిట్ విలువ

ఉండి నుంచి ఆకివీడు వైపు అర్ధరాత్రి దాటాక ప్రయాణం చేసేవారికి రోడ్డుకు రెండు పక్కలా చీకట్లో తెల్లగా లేచే నురగ కనిపిస్తుంది, ఒకే శ్రుతిలో సాగే తెడ్ల చప్పుడు వినిపిస్తుంది. వరి చేలు చెరువులుగా మారిన గోదావరి డెల్టాలో రాత్రి అంటే ఇప్పుడు ఏరియేటర్లు, అంటే తెడ్లతో నీటిని చిమ్మి గాలిలోని ఆక్సిజన్‌ను అందులో కలిపే యంత్రాలు, తిరిగే వేళ. 2009లో దేశంలో వనామి రొయ్య సాగుకు అనుమతి వచ్చినప్పటి నుంచి భీమవరం చుట్టుపక్కల, కోనసీమ తీర మండలాల్లో ఈ యంత్రాలు పెరుగుతూనే వచ్చాయి. వాటితోపాటు ఒక ప్రశ్నా పెరిగింది. ఆక్వాకు రాయితీ మీద ఇస్తున్న కరెంటులో ఎంత వృథా అవుతోంది, దాన్ని తగ్గించడం ఎలా అన్నదే ఆ ప్రశ్న.

చూడటానికి ఇది మోటార్ల లెక్క. మంచి మోటారు, మంచి తెడ్డు, మంచి లైను ఉంటే సరిపోతుందనిపిస్తుంది. కానీ ఇంజినీరు చెప్పే జవాబు, గణాంక శాస్త్రం తెలిసినవారి జవాబు, కరెంటు పంపిణీ చూసేవారి జవాబు, ఊళ్లో కూర్చుని రైతులతో మాట్లాడిన సామాజిక పరిశోధకుల జవాబు పక్కపక్కన పెడితే ఒకదానితో ఒకటి పొసగవు. అలాగని ఏ ఒక్కటీ తప్పు కాదు. మధ్యాహ్నం రెండు గంటలకు ఖర్చయ్యే యూనిట్‌ను, తెల్లవారుజామున మూడు గంటలకు ఖర్చయ్యే యూనిట్‌ను ఒకే గాటన కట్టడం వల్ల వచ్చిన చిక్కు ఇది అని నా అభిప్రాయం. ఆ ముడి ఎక్కడెక్కడ పడిందో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు యంత్రం సంగతి. ఏరియేటర్ పనితనాన్ని శుభ్రమైన నీళ్లు నింపిన తొట్టెలో పరీక్షిస్తారు. నీటిలో సోడియం సల్ఫైట్ కలిపి, చర్య వేగంగా జరగడానికి కాస్త కోబాల్ట్ లవణం వేసి, కరిగి ఉన్న ఆక్సిజన్‌ను సున్నాకు దించుతారు. తర్వాత యంత్రాన్ని తిప్పి ఆక్సిజన్ ఎంత వేగంగా పెరుగుతోందో కొలిచి, 20 డిగ్రీల ఉష్ణోగ్రత, సున్నా ఆక్సిజన్ అనే ప్రామాణిక స్థితికి సరిచేసి, ఒక యూనిట్ కరెంటుకు ఎన్ని కేజీల ఆక్సిజన్ కరిగిందో లెక్కగడతారు. అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లాడ్ బోయిడ్ ఈ రంగంలో దశాబ్దాలపాటు పనిచేశారు. ఆయన క్రోడీకరించిన పరీక్షల్లో తెడ్ల ఏరియేటర్లకు సగటున యూనిట్‌కు 2 కేజీలకు కాస్త ఎక్కువగా, గాలి బుడగలు వదిలే రకాలకు ఒక కేజీ లోపుగా వచ్చింది. అమ్మకందారులు చూపించే అంకెలు ఈ తొట్టె అంకెలే.

చెరువు తొట్టె కాదు. గాలిలోని ఆక్సిజన్ నీటిలోకి దిగే వేగం, ఆ నీరు ఇంకా ఎంత ఆక్సిజన్ పట్టగలదన్న దాని మీద ఆధారపడుతుంది. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. తొట్టె పరీక్షలో మొదట సున్నా ఉంటుంది కనుక ఖాళీ మొత్తం 9. మన డెల్టాలో నీరు 30 డిగ్రీలుంటుంది, కాస్తో కూస్తో ఉప్పూ ఉంటుంది; అలాంటి నీరు పట్టగలిగేదే 7 మిల్లీగ్రాములు. అందులో అప్పటికే 4 ఉంటే మిగిలిన ఖాళీ 3. నీరు వెచ్చగా ఉండటం వల్ల ఆక్సిజన్ చొరబడే వేగం కొంత పెరుగుతుంది కాబట్టి, దాన్నీ కలుపుకుంటే, తొట్టెలో చూపిన పనితనంలో ఇక్కడ దక్కేది 40 శాతం. చెరువులో 6 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు అదే యంత్రం అదే కరెంటు తాగి 14 శాతం పనే చేస్తుంది. ఇక ఎండ బాగా కాసిన మధ్యాహ్నం, ఆకుపచ్చగా ప్లాంక్టన్ (ఎండతో ఆక్సిజన్ తయారుచేసే సూక్ష్మ నాచు) పట్టిన చెరువులో ఆక్సిజన్ 10 దాటి ఉన్న వేళ, నీటిని చిమ్మే తెడ్డు ఆక్సిజన్‌ను లోపలికి దింపదు సరికదా, ఉన్న ఎక్కువను గాలిలోకి వదిలేస్తుంది. కరెంటు పెట్టి మరీ ఆక్సిజన్‌ను బయటికి తోలడమన్నమాట.

ఈ లెక్క చూపించి పగటి ఏరియేటర్లన్నీ ఆపేయమనడం ఇంజినీరుకు సులువే. అయితే తెడ్డు చేసే పని ఆక్సిజన్ కరిగించడం ఒక్కటే కాదు. పైన వేడెక్కిన నీటిని అడుగు నీటితో కలుపుతుంది, నీటిని గుండ్రంగా నడిపి వ్యర్థాన్ని చెరువు నడుమకు చేరుస్తుంది, రొయ్య తిరిగే మేత ప్రాంతాన్ని శుభ్రంగా ఉంచుతుంది. కాబట్టి పగటిపూట ఒకటి తిప్పి మిగిలినవి ఆపడం తెలివైన పనే, అన్నీ ఆపడం మాత్రం కాదు. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చెరువులో ఆక్సిజన్‌ను రొయ్య వాడుకునేది తక్కువ. ప్లాంక్టన్, సూక్ష్మజీవులు, అడుగు మట్టి లాగేసేదే ఎక్కువ. చెరువులో వేసిన ప్రతి కేజీ మేతా, కొంత రొయ్య ఒంట్లో, కొంత అడుగున కుళ్లి, ఏదో ఒక దారిన ఆక్సిజన్‌నే తింటుంది. అందువల్ల చెక్ ట్రేలో, అంటే రొయ్య ఎంత తిన్నదో తెలుసుకోవడానికి చెరువులో ముంచి ఉంచే పళ్లెంలో, మేత మిగిలిందా లేదా అని శ్రద్ధగా చూసుకునే చెరువులో కరెంటు కూడా ఆదా అవుతుంది. మోటారు మార్చడం గురించి జరిగినంత చర్చ చెక్ ట్రే గురించి జరగకపోవడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది. మోటారుకు బిల్లు ఉంటుంది, శ్రద్ధకు ఉండదు, అదే కారణం కాబోలు.

ఇంతవరకు వచ్చాక ఎవరైనా ఒక మాట అంటారు: ఆక్సిజన్ మీటరు పెట్టి, 4 కంటే తగ్గితే అన్ని ఏరియేటర్లూ తిరిగేలా, 6 దాటితే ఆగేలా ఏర్పాటు చేస్తే సరి కదా అని. ఒకసారి పాలకోడేరు దగ్గర ఒక చెరువు గట్టు మీద తెల్లవారుజామున నాలుగింటికి నిలబడ్డాను. మకాం, అంటే చెరువు కాపలా గుడిసె, ముందున్న చెక్క వంతెనకు కట్టిన మీటరు 4.3 చూపిస్తోంది. చెరువు మీద ఉండే పెద్దాయన దాని వంక చూడనైనా లేదు. టార్చిలైటు అవతలి మూలకు వేసి, ఊపిరాడక నీటి అంచున మీసాలు పైకెత్తి కదులుతున్న రొయ్యలను చూపించి, "మీటరు నాలుగంటందండి, ఆ మూల నీళ్లు మాత్రం అలా అంటం లేదండి" అన్నాడు. మిగిలిన రెండు ఏరియేటర్ల స్విచ్ వేశాకే తిరిగి మాట్లాడాడు. అదే మీటరును తెప్ప మీద ఆ మూలకు తీసుకుపోయి ముంచితే 2.8 చూపించింది.

మీటరు తప్పు చెప్పలేదు. అది ఉన్న చోటు సంగతే చెప్పింది. మనిషి చేతికి అందేలా, వైరు దగ్గరగా ఉండేలా కడతారు కాబట్టి మీటరు ఎప్పుడూ వంతెన దగ్గర, అంటే ఏరియేటర్ దగ్గరే ఉంటుంది. ఈ రకం పొరపాటు గణాంక శాస్త్రానికి కొత్త కాదు. 1940లలో మన దేశంలో పంట కోత ప్రయోగాల గురించి పెద్ద వాదమే నడిచింది. చేలో చిన్న గడి గీసి, అందులో పంట కోసి, దాన్నిబట్టి ఎకరం దిగుబడి చెప్పడం పద్ధతి. గడి మరీ చిన్నదైతే అంచు మీద పడిన దుబ్బులను కోసేవారు తెలియకుండానే లోపలికి కలిపేసుకుంటారని, అందువల్ల దిగుబడి ఎక్కువగా కనబడుతుందని గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే చూపించారు. ప్రయోగాల సంఖ్య ఎంత పెంచినా ఆ తప్పు పోదు, ఎందుకంటే ప్రతిసారీ అది ఒకే వైపుకు మొగ్గుతుంది. వంతెన దగ్గరి మీటరూ అంతే. నిమిషానికొకసారి చొప్పున ఏడాదంతా అంకెలు పంపినా, అన్నీ కలిసి అవతలి మూల గురించి ఒక్క ముక్క చెప్పవు.

ఇక డబ్బు లెక్క. చిన్న ఉదాహరణ తీసుకుందాం. ఇందులోని అంకెలు సులువు కోసం వేసుకున్నవి, ఎవరి చెరువు అంకెలను వారు వేసుకోవచ్చు. ఎకరం చెరువు, పట్టుబడికి 2 టన్నుల రొయ్య. హెచ్‌పీకి 400 నుంచి 500 కేజీల రొయ్య అన్నది వాడుకలో ఉన్న లెక్క కాబట్టి 4 హెచ్‌పీ ఏరియేటర్లు. మోటారు నష్టాలతో కలిపి గంటకు 3.5 యూనిట్లు. రోజుకు సగటున 12 గంటల చొప్పున 100 రోజులకు 4,200 యూనిట్లు. రాష్ట్రంలో ఆక్వా రాయితీ ధర యూనిట్‌కు రూపాయిన్నర. ఆ లెక్కన పంట మొత్తానికి కరెంటు ఖర్చు 6,300 రూపాయలు. కేజీ రొయ్యకు మూడు రూపాయల పైచిలుకు. మేత ఖర్చుతో పోల్చి చూస్తే ఇది లెక్కలోకి రాని మొత్తం.

ఇప్పుడు ఎవరో వచ్చి, కొత్త పద్ధతిలో ఏరియేటర్లు నడిపితే 20 శాతం కరెంటు ఆదా అన్నారనుకుందాం. 840 యూనిట్లు, 1,260 రూపాయలు. కేజీ 250 చొప్పున చెరువులో ఉన్న రొయ్య విలువ 5 లక్షలు. రైతు మనసులో ఏ కాగితమూ లేకుండా జరిగిపోయే లెక్క ఇది: ఈ పద్ధతి వల్ల ఆక్సిజన్ చాలక చెరువు మొత్తం పోయే అవకాశం 400 పంటలకు ఒక్కటి చొప్పున పెరిగినా, వచ్చే ఆదా అంతా ఆ నష్టానికే సరిపోతుంది. చెరువు మొత్తం పోదు, తేలిన రొయ్యను అప్పటికప్పుడు పట్టి సగం ధరకైనా అమ్ముకుంటారనుకున్నా, 200 పంటలకు ఒకటి. రైతుల్లో అవగాహన లేదు, పాత అలవాట్లు మానరు అని నివేదికల్లో రాయడం చాలాసార్లు చూశాను. ఈ లెక్క ముందు అవగాహన లేనిది ఎవరికో చెప్పడం కష్టం.

ఆ భయం నిజమా కాదా తేల్చాలంటే గణాంక శాస్త్రం దగ్గరికి వెళ్లాలి, అక్కడ ఇంకా పెద్ద ముడి ఉంది. మామూలుగా ఇలాంటి పద్ధతులను 30 చెరువుల్లో పెట్టి చూస్తారు. కరెంటు తగ్గింది, ఒక్క చెరువు కూడా పోలేదు, కాబట్టి పద్ధతి సురక్షితం అని తేలుస్తారు. కానీ ఒక్కసారి కూడా జరగని సంఘటన గురించి ఏం చెప్పవచ్చన్నదానికి ఒక సులువైన సూత్రం ఉంది: 3ను ప్రయోగాల సంఖ్యతో భాగిస్తే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే గరిష్ఠ ప్రమాదం వస్తుంది. 30 చెరువుల్లో ఒక్కటీ పోకపోతే, ప్రమాదం 10 శాతానికి మించదని మాత్రమే చెప్పగలం. అంటే పదింట ఒక చెరువు పోయే పద్ధతి కూడా ఆ పరీక్షలో అదృష్టం బాగుంటే నెగ్గిపోవచ్చు. రైతు అడుగుతున్నది 400లో ఒకటి గురించి. దాన్ని కొట్టిపారేయాలంటే 1,200 చెరువుల్లో వరుసగా ఒక్కటీ పోకుండా ఉండాలి. ఆదా ఎంతో కొలవడానికి 30 చెరువులు చాలు; ప్రమాదం లేదని చెప్పడానికి 30 చెరువులు ఏ మూలకూ రావు. ఒకే పరిశోధన రెండింటికీ జవాబిచ్చినట్టు కనిపించడం దగ్గరే ఈ వ్యవహారమంతా తప్పుదారి పట్టింది.

అదీ ఆ 1,200 చెరువులూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే. వాస్తవంలో పరిశోధకులు వెళ్లి రావడానికి వీలుగా ఒక ఊళ్లో, ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద పది చెరువులు తీసుకుంటారు. ఆ పదింటికీ ఒకే కాలువ నీరు, ఒకే కరెంటు, తరచుగా ఒకే హేచరీ నుంచి వచ్చిన సీడ్, అంటే రొయ్య పిల్లలు. ఒకదానికి పట్టిన గతే మిగతావాటికీ పట్టే అవకాశం ఎక్కువ. వాటి మధ్య పొత్తు (సంబంధమే లేకపోతే 0, అన్నిటి గతీ ఒకటే అయితే 1) 0.3 అనుకుంటే, పదేసి చెరువుల గుంపుల్లో తీసుకున్న 30 చెరువులు, విడివిడిగా ఎంచుకున్న 8 చెరువులు ఇచ్చేటంత సమాచారమే ఇస్తాయి.

ఇదే పొత్తు కరెంటు లైనులో ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఊళ్లో ఇళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేటప్పుడు అందరి ఇళ్లలో అన్నీ ఒకేసారి వేయరన్న ధీమాతో పెడతారు. ఒకరు మిక్సీ వేసినప్పుడు ఇంకొకరు టీవీ ఆపుతారు; వంద ఇళ్ల మొత్తం అవసరం కంటే చాలా తక్కువ సామర్థ్యంతో పని జరిగిపోతుంది. చెరువులకు ఆ ధీమా చెల్లదు. పగలంతా మబ్బు పట్టి ఉంటే ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారుచేయదు; ఆ రాత్రి ఆ ప్రాంతంలో ప్రతి చెరువూ ఒకే వేళకు నీరసిస్తుంది, ప్రతి మకాంలోనూ ఒకే వేళకు స్విచ్‌లు పడతాయి. లైనులో కరెంటు ప్రవాహం రెట్టింపైతే తీగల్లో వేడిగా పోయే నష్టం నాలుగింతలు అవుతుంది, వోల్టేజీ పడిపోతుంది. వోల్టేజీ 80 శాతానికి దిగితే మోటారు తిప్పే బలం దాని వర్గం చొప్పున 64 శాతానికి పడుతుంది. తెడ్డు నెమ్మదిస్తుంది, మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, కాలిపోయేవి ఎక్కువగా ఇలాంటి రాత్రే కాలిపోతాయి. సగటు రోజుకు సరిపోయే లైను, సరిగ్గా అవసరమైన రాత్రే చేతులెత్తేస్తుంది.

డెల్టాలో దీనికి పాత మాట ఒకటి సిద్ధంగా ఉంది. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ కట్టిన ఆనకట్ట నుంచి కాలువలు పారినప్పటి నుంచి శివారు రైతు అనే మనిషి ఉన్నాడు. లాకుల దగ్గర నిండుగా కనిపించే నీరు కాలువ చివరికి వచ్చేసరికి సన్నబడుతుంది. వంతుల లెక్కలో అతనికి వచ్చేది కాగితం మీద అందరితో సమానమే. ఫీడరు, అంటే ఊళ్లకు కరెంటు తెచ్చే లైను, చివర ఉన్న చెరువుకు వోల్టేజీ కూడా అలాగే అందుతుంది. ఒకే రాయితీ, ఒకే యూనిట్ ధర. కానీ శివారున ఆ యూనిట్‌తో వచ్చే ఆక్సిజన్ తక్కువ, మోటారు రీవైండింగ్ ఖర్చు ఎక్కువ. ఫీడరు మొదట ఉన్న చెరువులను, చివర ఉన్నవాటిని కలిపి సగటు తీసే సర్వేలో ఈ తేడా మాయమైపోతుంది.

సామాజిక పరిశోధకులు చాలా ఆలస్యంగా అడిగినా చాలా అవసరమైన ప్రశ్న ఒకటుంది: స్విచ్ మీద చెయ్యి ఎవరిది? భూమి ఒకరిది, కనెక్షన్ ఆయన పేరు మీద ఉంటుంది. చెరువు లీజుకు తీసుకున్నవారు ఇంకొకరు, బిల్లు వారు కడతారు. రాత్రి మూడింటికి మెలకువగా ఉండేది నెల జీతానికి మకాంలో ఉండే మనిషి. మంచి మోటారు వల్ల లాభం నాలుగైదేళ్లలో వస్తుంది కానీ లీజు అంతకాలం ఉంటుందన్న భరోసా లేదు. అందువల్ల లీజుదారు పెట్టుబడి పెట్టడు, బిల్లు తనది కాదు కనుక భూమి యజమాని పెట్టడు. మకాం మనిషికి కరెంటు ఆదా చేసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వరు, రొయ్య తేలితే మాత్రం మాట పడేది అతనే. అతను అన్ని ఏరియేటర్లూ వేసి ఉంచడంలో ఆశ్చర్యం ఏముంది? రైతు అనే ఒక్క మాటలో ఈ ముగ్గురినీ కుక్కి ప్రశ్నపత్రం తయారుచేస్తే, ముగ్గురిలో ఎవరు దొరికితే వారి జవాబే రైతు అభిప్రాయంగా నమోదవుతుంది.

ఇక్కడే ఆదా ఎవరికి అన్న సంగతీ తేలుతుంది. కరెంటు చెరువు దాకా చేర్చడానికి యూనిట్‌కు 7 రూపాయలు అవుతుందనుకుందాం. 840 యూనిట్లు మిగిలితే రైతుకు 1,260 రూపాయలు, రాయితీ భరించేవారికి 4,620 రూపాయలు. ఆదాలో నాలుగింట మూడు వంతులకు పైగా ఒకరికి, ప్రమాదం మొత్తం మరొకరికి. కొత్త పద్ధతి పాటించిన చెరువు పోతే నష్టంలో ఇంత భరిస్తామని ఆ 4,620లోంచి ఒక నిధి పెడితే రైతు లెక్క మారుతుంది. ధర పెంచితే వృథా తగ్గుతుందన్న వాదన కూడా ఉంది. అయితే ధర రెండింతలైనా 400లో ఒకటి కాస్తా 200లో ఒకటి అవుతుంది, అంతే. 1865లో బొగ్గు గురించి ఆర్థికవేత్త జెవాన్స్ చెప్పిన మాట కూడా గుర్తు పెట్టుకోవలసిందే: యంత్రం పనితనం పెరిగితే వాడకం తగ్గుతుందన్న హామీ లేదు. అదే కరెంటుతో ఎక్కువ ఆక్సిజన్ వస్తుందని తెలిస్తే సీడ్ ఇంకాస్త దట్టంగా వేస్తారు, వేస్తున్నారు కూడా.

మరి పరిశోధన ఎలా చేయాలి? చెరువు చావును లెక్కపెట్టడం మాని, ఆక్సిజన్ 3 కంటే తక్కువగా ఉన్న గంటలను లెక్కపెట్టడం ఒక దారి. చావు అరుదు, ఆ గంటలు ప్రతి రాత్రీ వస్తాయి; 30 చెరువుల్లో వంద రాత్రులకు 3,000 రాత్రుల సమాచారం చేతికొస్తుంది. అంతకన్నా మేలైనది, ఒకే చెరువులో ఏ రాత్రి పాత పద్ధతి, ఏ రాత్రి కొత్త పద్ధతి అన్నది బొమ్మా బొరుసూ వేసి తేల్చడం. అప్పుడు మట్టి, నీరు, సీడ్, మనిషి అన్నీ ఒకటే; తేడా పద్ధతిలోనే ఉంటుంది. కష్టపడే రైతులే కొత్త యంత్రాలు కొంటారు, వారికి ఎలాగూ మంచి పంట వస్తుంది, ఆ ఘనత యంత్రానికి పోతుంది అన్న పాత బెడద కూడా ఇందులో ఉండదు. నిన్నటి రాత్రి ప్రభావం ఇవాళ్టి మీద పడుతుంది కాబట్టి రెండేసి మూడేసి రాత్రులను కలిపి ఒక విడతగా తీసుకోవాలి, మీటరును రెండు మూడు చోట్ల ముంచాలి, నాచు పట్టిన దాని మొనను క్రమంగా తుడవాలి. ఈ చివరి పనిని ప్రాజెక్టు బడ్జెట్‌లో ఎవరూ రాయరు, సగం ప్రయోగాలు చెడేది అక్కడే.

సౌర విద్యుత్తు గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు, ఎందుకంటే ప్రతి సభలోనూ చివరికి ఆ ప్రస్తావనే వస్తుంది. అసలు ప్లాంక్టన్ పట్టిన చెరువే ఒక సౌర యంత్రం. పగలు ఎండతో ఆక్సిజన్ తయారుచేసి నీటిలో దాచుకుని, రాత్రంతా దాన్నే ఖర్చు పెట్టుకుంటుంది. పలకలు బాగా కరెంటిచ్చే మధ్యాహ్నం చెరువుకు ఆక్సిజన్ ఎక్కువై ఉంటుంది. చెరువుకు ఊపిరాడని వేళ పలకలు చీకట్లో ఉంటాయి. మబ్బు పట్టిన రోజు రెండూ కలిసే దెబ్బతింటాయి. ఆ రాత్రంతా గడవడానికి బ్యాటరీ పెట్టాలంటే, అది రూపాయిన్నర కరెంటుతో పోటీపడలేదు. అయితే బ్యాటరీకి అసలు పోటీదారు లైను కరెంటు కాదు, గట్టు మీద ఉన్న డీజిల్ జనరేటర్. చిన్న జనరేటర్ లీటరుకు 3 యూనిట్లు ఇస్తుంది. వంద రూపాయలకు అటూ ఇటూగా ఉన్న డీజిల్‌తో యూనిట్ 30 రూపాయలకు పైమాటే. కరెంటు పోయిన వేళ రైతు ఇరవై రెట్లు ఎక్కువ పెట్టి అదే యూనిట్ కొంటున్నాడు, బేరమాడకుండా కొంటున్నాడు. వేకువజాము యూనిట్ విలువ ఎంతో అతను ఆ డీజిల్ డబ్బాతో ఎప్పుడో చెప్పేశాడు. ఎకరానికి రెండు గంటల అంతరాయం తట్టుకోవడానికి కావలసింది 7 యూనిట్ల నిల్వ. 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపాను, 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా వంటివి వచ్చినప్పుడు ఆ నిల్వ దేనికీ చాలదు, జనరేటర్ ఉండాల్సిందే. మామూలు రోజుల్లో ఎంత చాలుతుందన్నది మాత్రం కరెంటు ఎన్నిసార్లు, ఎంతసేపు, ఏ వేళ పోతోందన్న దాని మీద ఉంటుంది.

అధికారిక సూచికలు సగటు వినియోగదారుకు ఏడాదిలో ఎన్ని నిమిషాలు కరెంటు పోయిందో చెబుతాయి. మధ్యాహ్నం పోయిన గంటా వేకువజామున పోయిన గంటా ఆ సూచికల్లో ఒక్కటే. పాలకోడేరు చెరువు మకాంలో గోడకు వేలాడుతున్న క్యాలెండర్‌లో ఆ తేడా ఉంది. రొయ్య గుల్ల విడిచేది అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ కాబట్టి ఆ తేదీలకు ఎర్ర సున్నాలు చుట్టి ఉన్నాయి. అప్పుడు మేత తగ్గిస్తారు, గాలి పెంచుతారు. ప్రతి తేదీ గడిలోనూ పెన్సిలుతో సన్నని అంకెలు, కరెంటు పోయిన వేళ, వచ్చిన వేళ. ఎందుకు రాస్తున్నారని అడిగితే, "డీజిల్ లెక్క అడుగుతారు కదండి" అన్నాడు పెద్దాయన. పాత క్యాలెండర్లు కూడా ఉన్నాయి, మేకుకు ఒకదాని మీద ఒకటి, నాలుగేళ్లవి.